చెక్కలో బిగించిన మాపకం ఏ గాలిని కొలుస్తోంది?

భిలాయ్‌లోని పవర్ హౌస్ ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం కొత్తేమీ కాదు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ ఎండల్లో కూలరే దిక్కు. పొడి గాలి ఉన్నప్పుడు కూలర్ గడ్డి మీది నీరు ఆవిరై గదిని చల్లబరుస్తుంది. జులైలో గాలి తేమతో నిండాక అదే నీరు ఉక్కపోతను పెంచుతుంది. ఆ తేడా చెప్పేది తేమ మాపకం. కాబట్టి గడియారం, ఉష్ణమాపకం, తేమ మాపకం మూడింటినీ ఒకే టేకు పలకలో బిగించి గోడకు తగిలించుకోవడం మంచి ఆలోచనే. చిక్కంతా బిగించే తీరులో ఉంది.

రంధ్రంలో పెట్టి నొక్కితే కూర్చునే ఈ గుండ్రటి పరికరాలు పైకి ఒకేలా కనిపిస్తాయి. అందుకే మూడింటికీ ఒకే లోతు గుంత తొలిచేస్తారు. గడియారానికి అది చాలు. దానిలోని క్వార్ట్‌జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. 45 డిగ్రీల వేడిలో రోజంతా ఉన్నా సుమారు ఒక సెకను వెనకబడుతుంది, అంతే.

తేమ మాపకం సంగతి వేరు. చెక్క తేమను పీల్చి, వదిలే పదార్థం. చుట్టూ గాలిలో తేమ 50 శాతం ఉంటే చెక్కలోని నీరు దాని పొడి బరువులో సుమారు 9 శాతం ఉంటుంది. గాలి తేమ 80 శాతమైతే అది 16 శాతానికి చేరుతుంది. అయితే మందపాటి పలకలో ఈ మార్పుకు రోజులు, వారాలు పడుతుంది. వెనక మూసేసిన గుంతలో మాపకాన్ని పెడితే ముల్లు గదిని వదిలి చెక్కను కొలుస్తుంది. వాన వెలిసి గాలి మారినా దానికి తెలియదు. ఉష్ణమాపకానికీ ఇదే అవస్థ, పడమటి గోడ మీదైతే మరీను. ఈ రెండింటికీ రంధ్రం ఆరపార ఉండాలి. పలకకు, గోడకు మధ్య వేలెడు మందం సందు వదలాలి. చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. వానాకాలంలో బిగుతుగా తొలిచిన రంధ్రం వేసవిలో ఇత్తడి అంచును నొక్కేస్తుంది. గట్టి జిగురు కన్నా రబ్బరు రింగు మేలు.

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఊరు భిలాయ్. కొలిమి దగ్గర పరికరాన్ని ప్రామాణిక పరికరంతో సరిపోల్చకుండా నమ్మరు. ఇంటి గోడ మీది దాన్ని మాత్రం పరీక్షించకుండానే నమ్మేస్తారు! పరీక్షకు పెద్ద ఖర్చేమీ లేదు. కరిగిపోకుండా తడిపిన ఉప్పును చిన్న మూతలో పోసి, మాపకంతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక రోజు ఉంచితే లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. ముల్లు 68 చూపితే ఆ ఏడు తేడాను పలక వెనక పెన్సిల్‌తో రాసుకోవాలి. బిగించాక ఈ పరీక్ష కష్టం, కాబట్టి ముందే చేయాలి.

కొందరు నాలుగోదిగా వాయుభార మాపకాన్నీ చేర్చుతారు. దాని ముఖం మీద ‘వర్షం’, ‘మార్పు’, ‘నిర్మలం’ అన్న అర్థాల ఆంగ్ల పదాలుంటాయి. అవి ఐరోపా వాతావరణానికి రాసినవి. భిలాయ్ సముద్ర మట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ పీడనం సముద్ర మట్టం కన్నా 30 హెక్టోపాస్కళ్లకు పైగా తక్కువ. సరిదిద్దకపోతే ముల్లు మండుటెండలోనూ వర్షం వైపే చూస్తుంది. వెనకున్న చిన్న స్క్రూ తిప్పి, వాతావరణ శాఖ ఆ రోజు ఇచ్చే సముద్ర మట్ట పీడనానికి సరిపెట్టాలి. ఆ స్క్రూకు దారి కావాలన్నా పలక వెనక తెరిచే ఉండాలి.