వెటర్నరీ కాలేజీ ఎంపిక: ర్యాంకు చూసుకుంటే సరిపోదు, ఇవీ చూడాలి

నీట్ ఫలితం వచ్చింది. ఎంబీబీఎస్ సీటుకు ర్యాంకు చాలదని తేలిపోయింది. ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: ‘పశువుల డాక్టరైనా డాక్టరే కదా, ఏదో ఒక కాలేజీలో చేరిపోతే పోలా!’ బైపీసీ చదివిన పిల్లలున్న చాలా ఇళ్లలో ఏటా వినిపించే మాటే ఇది. ఈ మాటలో చిక్కంతా ‘ఏదో ఒక’ దగ్గరే ఉంది. బీవీఎస్సీ అండ్ ఏహెచ్ కోర్సు ఐదున్నరేళ్లు. నాలుగున్నరేళ్లు చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంతకాలం ఎక్కడ గడుపుతారన్న దాన్ని బట్టే చేతికి పని వస్తుందా లేదా, డిగ్రీ చెల్లుతుందా లేదా అన్నది తేలుతుంది. కాబట్టి వెబ్ ఆప్షన్లు ఇచ్చేముందు ఈ విషయాలు చూసుకోండి.

మొదటి ప్రశ్న: గుర్తింపు ఉందా?

మన దేశంలో పశువైద్యం చేయడానికి డిగ్రీ ఒక్కటే చాలదు. భారత పశువైద్య మండలి చట్టం 1984 ప్రకారం రిజిస్టరైన వారే పశువైద్యులుగా ప్రాక్టీసు చేయాలి. మీ డిగ్రీ ఆ చట్టంలోని గుర్తింపు షెడ్యూల్‌లో ఉంటేనే రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. ప్రభుత్వంలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టుకు దరఖాస్తు చేయాలన్నా, సొంతంగా క్లినిక్ పెట్టాలన్నా ఇదే ఆధారం.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అనుమతి వేరు, గుర్తింపు వేరు. కొత్త కళాశాల మొదట అనుమతితో తరగతులు ప్రారంభిస్తుంది. భారత పశువైద్య మండలి, అంటే వీసీఐ, తనిఖీలు చేసి బోధన సిబ్బంది, ఆసుపత్రి, పశుక్షేత్రం సరిపడా ఉన్నాయని తేల్చాకే గుర్తింపు వస్తుంది. ఇది ఆలస్యమైతే చదువు పూర్తయిన విద్యార్థి చేతిలో పట్టా ఉంటుంది, రిజిస్ట్రేషన్ ఉండదు. గుర్తింపు కోసం విద్యార్థులు తరగతులు మానేసి ధర్నాకు కూర్చున్న సందర్భాలు మన దగ్గరా ఉన్నాయి. అందుకే ‘వీసీఐ అనుమతి ఉందండీ’ అని ఎవరైనా చెబితే అక్కడితో ఆగకండి. ‘ఏ బ్యాచ్ నుంచి గుర్తింపు వచ్చింది? ముందు బ్యాచ్ వాళ్లు రిజిస్టర్ అయ్యారా?’ అని అడగండి. వీసీఐ వెబ్‌సైట్‌లో కళాశాలల జాబితా ఉంటుంది. దాన్ని మీరే స్వయంగా చూసుకోండి.

మన దగ్గర ఏమున్నాయి?

ఆంధ్రప్రదేశ్‌లో వెటర్నరీ కళాశాలలు తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. ఈ విశ్వవిద్యాలయం 2005లో ఏర్పడింది. తిరుపతి కళాశాల 1955 నాటిది. గన్నవరం కళాశాల 1998లో, ప్రొద్దుటూరు కళాశాల 2008లో వచ్చాయి. విజయనగరం జిల్లా గరివిడిలోని కళాశాల వీటి తర్వాతది. తెలంగాణలో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద హైదరాబాద్ రాజేంద్రనగర్, జగిత్యాల జిల్లా కోరుట్ల, వరంగల్ దగ్గర మామునూరు కళాశాలలు ఉన్నాయి. రాజేంద్రనగర్ కళాశాల మూలాలు 1946లో ఉన్నాయి.

పాత కళాశాలకు కొన్ని సౌకర్యాలు కలిసొస్తాయి. పీజీ విభాగాలు, సీనియర్ అధ్యాపకులు, ఏళ్లుగా కేసులు వస్తున్న ఆసుపత్రి ఉంటాయి. అలాగని కొత్తదంతా తక్కువ అనుకోనక్కర్లేదు. చుట్టూ పాడి, గొర్రెల మందలు ఉన్న ఊళ్లో కళాశాల ఉంటే రోజూ చేతికి పని దొరుకుతుంది.

సీటు ఏ దారిలో వస్తుంది?

దారులు రెండు. మొదటిది అఖిల భారత కోటా. గుర్తింపు ఉన్న కళాశాలల్లో 15 శాతం సీట్లను నీట్ ర్యాంకు ఆధారంగా వీసీఐ భర్తీ చేస్తుంది. నీట్ రాసినంత మాత్రాన ఈ కౌన్సెలింగ్‌లో మీ పేరు దానంతటదే చేరదు. విడిగా నమోదు చేసుకోవాలి. ఏటా ఎందరో ఇక్కడే జారిపోతుంటారు.

రెండోది రాష్ట్ర కోటా. ఈ సీట్లకు ఆయా విశ్వవిద్యాలయాలు సొంతంగా నోటిఫికేషన్ ఇస్తాయి. ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకుతో ఈ సీట్లు నింపేవారు. మీ అన్నయ్యో, పక్కింటి అక్కో ఏ పరీక్షతో చేరారన్నది మీకు లెక్క కాదు. మీరు చేరే ఏడాది నోటిఫికేషన్‌లో ఏ ర్యాంకు అడిగారు, స్థానికతకు ఏ ధ్రువపత్రం కావాలన్నారు, చివరి తేదీ ఎప్పుడన్నది చదవండి. ఇంకో మాట. వీసీఐ నిబంధనల్లో ఇంటర్ మార్కుల అర్హతను ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు ఇంగ్లిష్‌ను కూడా కలిపి లెక్కిస్తారు. ఇంగ్లిష్ పేపరును తేలిగ్గా తీసుకోవద్దు.

ఆసుపత్రి చూడకుండా ఆప్షన్ పెట్టొద్దు

ప్రతి వెటర్నరీ కళాశాలకూ బోధనాసుపత్రి, పశుక్షేత్రం ఉండాలన్నది వీసీఐ నిబంధన. కాగితం మీద ఇవి అన్నిచోట్లా కనిపిస్తాయి. వీలైతే ఒకరోజు ఉదయం ఓపీ సమయానికి వెళ్లి చూడండి. గేదెలు, ఆవులు, గొర్రెలు, కుక్కలు అన్నీ వస్తున్నాయా? ఎక్స్‌రే, స్కానింగ్ పనిచేస్తున్నాయా? ఈనలేక అవస్థ పడుతున్న గేదెను రాత్రిపూట తీసుకొస్తే చూసేవాళ్లున్నారా? చూడి పరీక్ష విద్యార్థి చేత చేయిస్తున్నారా, లేక వెనక నిలబెట్టి చూపిస్తున్నారా? చివరి ఏడాది విద్యార్థులు ఇద్దరిని పక్కకు పిలిచి అడిగితే పది నిమిషాల్లో అసలు సంగతి తెలుస్తుంది. బోధన పోస్టుల్లో ఎన్ని ఖాళీగా ఉన్నాయో, ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ ఎంతో, అది నెలనెలా అందుతుందో లేదో కూడా వాళ్లనే అడగండి.

మీకు ఏ పని ఇష్టం?

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. తెలంగాణలో సుమారు 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. అంటే మన ప్రాంతంలో పశువైద్యుడి పని ఎక్కువగా మందల దగ్గర, పాడి రైతు కొట్టంలో, కోళ్ల ఫారాల్లోనే.

పల్లెల్లో పనిచేయాలనుకుంటే పాడి, జీవాలు ఉన్న ప్రాంతంలోని కళాశాల మేలు. పెంపుడు జంతువుల క్లినిక్ పెట్టాలనుకుంటే నగరంలో ఉన్నచోట కుక్కలు, పిల్లుల కేసులు ఎక్కువగా చూడొచ్చు. కోళ్ల పరిశ్రమ వైపు ఆసక్తి ఉండి, అఖిల భారత కోటాలో మంచి ర్యాంకు ఉంటే తమిళనాడులోని నామక్కల్ కళాశాలను పరిశీలించవచ్చు. అది కోళ్ల ఫారాల నడుమే ఉంది. వన్యప్రాణుల మీద ఇష్టం ఉన్నవారికి తిరుపతి, హైదరాబాద్ రెండు చోట్లా జూ పార్కులు దగ్గరలోనే ఉన్నాయి. అయితే ఆ రంగంలో పోస్టులు తక్కువని మనసులో పెట్టుకోండి.

దూరపు రాష్ట్రంలో సీటు వస్తే భాష గురించి ఆలోచించండి. పశువు నోరు విప్పి చెప్పదు. మేత ఎప్పుడు మానేసింది, పాలు ఎప్పుడు తగ్గాయి అన్నది రైతే చెప్పాలి. ఆ రైతు మాట అర్థం కాకపోతే క్లినిక్‌లో నేర్చుకునేది సగమే.

ప్రైవేటు, విదేశీ చదువులు

మన రెండు రాష్ట్రాల్లో పైన చెప్పినవి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల కళాశాలలు. రాజస్థాన్ వంటి చోట్ల ప్రైవేటు కళాశాలలున్నాయి. అక్కడ చేరాలంటే ఐదున్నరేళ్ల ఫీజు, హాస్టల్, ప్రయాణ ఖర్చు మొత్తం ఒకచోట రాసి కూడండి. మొదటి ఏడాది ఫీజు చూసి నిర్ణయించుకోవద్దు. సర్కారు పోస్టులు ఏటా పడవు, పడ్డప్పుడు పోటీ గట్టిగా ఉంటుంది. చదవగానే ఉద్యోగం, దాంతో అప్పు తీర్చేయడం అన్న లెక్క వేసుకుంటే ఇబ్బందే.

అమెరికా వెళ్లి పశువైద్యం చేయాలన్న ఆలోచన ఉంటే, భారతీయ డిగ్రీతో నేరుగా లైసెన్సు రాదు. ఈసీఎఫ్‌వీజీ లేదా పేవ్ అనే అర్హతా ప్రక్రియ దాటి, నావ్లీ పరీక్ష రాయాలి. మీరు ఏ కళాశాలలో చదివినా ఈ మెట్లు తప్పవు. ‘మా కాలేజీలో చదివితే నేరుగా అమెరికా’ అని ఎవరైనా అంటే నమ్మొద్దు.

డిప్లొమాతో పొరబడొద్దు

పదో తరగతి తర్వాత పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. దాని దారి దానిది. ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకుల పోస్టులకు అది పనికొస్తుంది. కానీ డిప్లొమాతో పశువైద్యుడిగా రిజిస్టర్ కాలేరు. చట్టం అనుమతించిన చిన్నపాటి సేవలు, అవీ రిజిస్టరైన వైద్యుడి పర్యవేక్షణలోనే చేయాలి. ‘ఇదీ డాక్టర్ కోర్సే’ అని చెప్పి చేర్పించే వాళ్ల దగ్గర జాగ్రత్త.

చివరగా, ఆప్షన్లు ఇచ్చే ముందు ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: గుర్తింపు, ఆసుపత్రిలో కేసులు, మొత్తం ఖర్చు, మీకు ఇష్టమైన పని. ప్రతి కళాశాలకూ ఈ నాలుగూ నింపండి. గుర్తింపు గడి ఖాళీగా ఉంటే మిగతా మూడూ ఎంత బాగున్నా ఆ కళాశాలను కిందికి దించండి. గుర్తింపు తేలిన కళాశాలల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది మిగతా మూడు గళ్లు చెబుతాయి. ర్యాంకు మీ చేతిలో లేదు. ఆప్షన్ల వరస మాత్రం మీ చేతిలోనే ఉంది.