శాలివాహనుడి సైన్యానికి కూలి ఎవరిస్తారు?

కాస్త పొడుగ్గా రాస్తున్నాం, ఓపిక పట్టండి. మేము అంటే సాయంత్రం పూట టీహెచ్ రోడ్డు టీకొట్టు దగ్గర కూర్చునే నలుగురు రిటైర్డు మనుషులం. రాసే చెయ్యి ఒకటే, మాట నలుగురిదీ. తమిళ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు అమ్మ దగ్గరా గోడ మీది కేలండర్ దగ్గరా నేర్చుకున్నవాళ్ళం. అక్షరం తప్పితే మన్నించండి. లెక్క తప్పితే మాత్రం నిలదీయండి. ముప్పై ఏళ్ళు తొండియార్‌పేట యార్డులో గూడ్సు లెక్కలు రాసి వచ్చాం.

ఉగాదికి మన పిల్లలు శాలివాహనుడి నాటకం వేస్తున్నారు. మంచి మాట. వేదిక ముందు 200 మట్టి సైనికులను వరుసగా నిలబెట్టాలన్నారు. అదీ మంచి మాటే. కొసపేటలో బొమ్మలు చేసే పెద్దాయన్ని అడిగితే, జానెడు బొమ్మ, రంగుతో కలిపి, ఒక్కోటి 150 రూపాయలన్నాడు. మొత్తం 30,000. మన కమిటీ 70 ఇస్తామంది. పైగా దారిలో విరిగినవాటికి డబ్బు లేదంది. అదే కమిటీ, అదే సాయంత్రం, ఎల్ఈడీ తెరకూ సౌండుకూ 45,000 అడిగిన కుర్రవాడికి మారు మాట్లాడకుండా అడ్వాన్సు పంపింది. ఆ తెర మీద కనిపించేదీ సైన్యమే. కంప్యూటర్లో చేసిన సైన్యం.

ఇక్కడే మాకు కడుపు మండింది.

కథ మీకందరికీ తెలుసు. పైఠణంలో కుమ్మరి ఇంట పెరిగిన పిల్లవాడు మట్టితో ఏనుగులు, గుర్రాలు, భటులు చేసుకుని ఆడుకునేవాడు. ఉజ్జయిని నుంచి విక్రమార్కుడు దండెత్తి వస్తే ఆ బొమ్మలకే ప్రాణం పోసి గెలిచాడు. ఆ పేరుతోనే మన పంచాంగంలో శాలివాహన శకం. (78లో మొదలైన ఈ శకాన్ని చరిత్రకారులు శకులకో కుషాణులకో ముడిపెడతారు, శాలివాహనుడి పేరు చాలా తర్వాత వచ్చి చేరిందంటారు. ఆ తగాదా మనకిప్పుడు వద్దు.) చెప్పేవాళ్ళంతా ప్రాణం పోసే ఘట్టం రాగానే గొంతు పెంచుతారు. ఆ మట్టి ఎవరు మోశారు, ఎవరు తొక్కారు అన్నది ఎవరూ చెప్పరు. విక్రమార్కుడి సైన్యానికి జీతాలు, గడ్డి, గుగ్గిళ్ళు కావాలి. శాలివాహనుడిది ఊరికే వచ్చిన సైన్యం అని మన నమ్మకం. కుమ్మరి ఇంట్లో ఊరికే వచ్చేది ఏదీ లేదని పోయిన వారం మాలో ఇద్దరం కొసపేట పోయి కళ్ళారా చూసి వచ్చాం.

పట్నంలో మట్టి ఎక్కడుంది? ఊరి బయటి చెరువుల నుంచి లారీలో రావాలి. వచ్చిన మట్టిని నానబెట్టాలి. రాళ్ళు, వేర్లు ఏరాలి. ఇసుక కలిపి కాళ్ళతో తొక్కాలి. ఆ ఇంటి ఇల్లాలు తొక్కుతూనే మాతో మాట్లాడింది, ఒక్క నిమిషం ఆగలేదు. తర్వాత అచ్చు. ముందు సగం ఒకటి, వెనక సగం ఒకటి. రెండూ పలుచని బురదతో అతికిస్తారు. లోపల డొల్లగా ఉండాలి, మట్టి మందంగా ఉంటే కాల్చేటప్పుడు పగులుతుంది. చెయ్యి, కత్తి విడిగా చేసి అంటిస్తారు. నీడలోనే ఆరాలి, తొందరపడి ఎండలో పెడితే నెర్రె విడుస్తుంది. ఆపైన ఆవంలో పేర్చి కాల్చాలి. కట్టెల ఖర్చు ఒకటి, పొగకు ఇరుగుపొరుగుతో గొడవ ఒకటి. ఆవం విప్పేదాకా ఎన్ని నిలిచాయో ఎన్ని పోయాయో చేసినవాడికే తెలియదు. నిలిచినవాటికి సున్నం పూత, దాని మీద రంగు, చివరికి మీసం. మీసం ఆ ఇంటి కోడలు గీస్తుంది. చెయ్యి వణకకూడదని ఆ పని పొద్దున్నే పెట్టుకుంటుందట.

ఇంత పనికి 150 ఎక్కువా?

కోశాధికారి తమ్ముడు మంచివాడు, సంఘం పైసా సొంతానికి ముట్టడు. ఆయన మాట, "అది సభ్యుల డబ్బు అన్నా, పొదుపు చెయ్యాలి. మట్టే కదా." పొదుపు మాకూ ఇష్టమే. మరి తెర అద్దె దగ్గర ఆ పొదుపు ఎటు పోయింది? కరెంటుతో నడిచేదానికి అడిగినంత, చేత్తో చేసినదానికి సగం కన్నా తక్కువ. దీన్ని పొదుపనకండి, బలహీనుడి దగ్గర బేరం అనండి.

విరిగిన బొమ్మల సంగతికి వస్తాం. రైల్వేలో సరుకుకు రెండు రేట్లుండేవి. ఓనర్స్ రిస్క్ అంటే దారిలో నష్టం పంపినవాడిది, అందుకని చార్జీ తక్కువ. రైల్వే రిస్క్ అంటే బాధ్యత రైల్వేది, అందుకని చార్జీ ఎక్కువ. రిస్కు ఎవడిదో రేటు వాడికి తగ్గట్టు ఉండాలి, అది న్యాయం. మన కమిటీ చేసింది చూడండి. రేటు తగ్గించింది, రిస్కూ ఆయన నెత్తినే పెట్టింది. కొసపేట నుంచి ఇక్కడికి బొమ్మలు వచ్చేది మనం మాట్లాడిన ఆటోలో, మన కుర్రాళ్ళ చేతుల్లో. గుంతలో పడి భటుడి తల పోతే కుమ్మరి ఎందుకు కట్టాలి? ఇలాంటి షరతుతో ఎవడైనా కాగితం తెస్తే మా గూడ్సు ఆఫీసులో నవ్వి తిప్పి పంపేవాళ్ళం.

కథలో కాక నిజంగానే మట్టి సైన్యం కట్టించిన రాజు ఒకడున్నాడు. చైనాలో ఛిన్ చక్రవర్తి, క్రీస్తుపూర్వం 210లో పోయాడు. 1974లో షియాన్ దగ్గర రైతులు బావి తవ్వుతుంటే ఆ భటులు బయటపడ్డారు. నిలువెత్తు మనుషులు, దాదాపు 8,000 మంది ఉంటారని అంచనా. ఆ సమాధి పనికి ఏడు లక్షల మందిని తోలారని పాత చైనా చరిత్రకారుడు సిమా ఛియాన్ రాశాడు. లోపలి యంత్రాలు చేసిన పనివాళ్ళను, రహస్యం పొక్కుతుందని, లోపలే మూసేశారని కూడా రాశాడు. అంత క్రూరుడి కాలంలోనూ కొన్ని బొమ్మల మీద మేస్త్రీల పేర్లు చెక్కి ఉన్నాయి. తప్పు దొరికితే పట్టుకోవడానికేలెండి, ప్రేమతో కాదు. అయినా పేరుంది. మన ఉగాది కరపత్రంలో తెర కంపెనీ పేరుంది, భోజనాల కాంట్రాక్టరు పేరుంది. బొమ్మలాయన పేరు లేదు.

అంత దూరం ఎందుకు, పుదుక్కోట, శివగంగ వైపు పోయి చూడండి. అయ్యనార్ గుడి ముందు మట్టి గుర్రాలు బారులు తీరి ఉంటాయి. రాత్రిపూట ఊరిని కాసే స్వామి సైన్యానికి వాహనాలవి. వాటిని చేసే వేళార్లు కుమ్మరులే, చాలా గుళ్ళలో పూజారులూ వాళ్ళే. గుర్రాలు కావాలంటే ఊరివాళ్ళు ముందుగా ఒక పిడికెడు మట్టి, దక్షిణతో సహా, వేళార్ చేతిలో పెడతారు. పిడిమణ్ అంటారు దాన్ని. పని మొదలయ్యేది ఆ తర్వాతే. చదువు లేని పల్లెటూరివాళ్ళకు తెలిసిన మర్యాద ఇది.

మనం ఏం చేస్తున్నాం? తెలుగు సీమలో కుమ్మరులు తమను శాలివాహనులని చెప్పుకుంటారు. కుమ్మర మొల్ల రామాయణం మనదని ప్రతి సభలో చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాం. కుమ్మరి ఇంటి పిల్లవాడి కథే నాటకం వేస్తున్నాం. వేస్తూ బతికున్న కుమ్మరితో బేరమాడుతున్నాం. డబ్బు చాలకపోతే 100 బొమ్మలే పెట్టండి, వెనక వరస పిల్లలు నిలబడతారు. లేదంటే తెర మానెయ్యండి. అదీ కుదరదంటే మట్టి బొమ్మలే మానేసి తెర మీది సైన్యంతో సరిపెట్టుకోండి. అది మాకు నచ్చదు, కానీ దానిలో మోసం లేదు. 70కి ఒప్పుకోక ఆయనేం చేస్తాడులే అనుకోవడంలో ఉంది.

ఆయన ఒప్పుకున్నాడని కమిటీవాళ్ళు చెబుతున్నారు. నిజమే, ఒప్పుకున్నాడు. మాతో అన్నది వేరు. "ఆవం సగం ఖాళీగా పెట్టినా కట్టెలు అంతే కాలతాయి సార్, అందుకే సరేనన్నా" అన్నాడు.

ఆదివారం పది గంటలకు సమావేశం. మేం నలుగురం వస్తాం, మూడు మాటలు అడుగుతాం. బొమ్మకు 150. విరిగినవి సంఘం ఖాతాలో. సగం డబ్బు ముందుగా. ఒప్పుకునేవాళ్ళు దయచేసి వచ్చి చెయ్యెత్తండి, ఇంట్లో కూర్చుని కాదు. ఆయన ఆవం పేర్చేది బుధవారం.