సరిహద్దు దాటే రైలుకు పట్టాలొక్కటే చాలవు

రెండు దేశాల మధ్య రైలు నడపడానికి పట్టాలు, పెట్టెలు ఉంటే చాలుననుకోవడం పొరపాటు. పాస్‌పోర్టులు, సామాను తనిఖీ చేయడానికి స్టేషన్‌లో తగినంత చోటు లేనిదే ఆ రైలు సక్రమంగా నడవదు. మన రైల్వేలకు ఇది అనుభవంలోకి వచ్చిన విషయమే.

కలకత్తా, ఢాకాల మధ్య మైత్రీ ఎక్స్‌ప్రెస్ 2008 ఏప్రిల్ 14న మొదలైంది. తొలి తొమ్మిదేళ్లూ తనిఖీలు సరిహద్దు స్టేషన్లయిన గేదె, దర్శనాలలో జరిగేవి. ప్రయాణికులు పెట్టే బేడాతో దిగి, వరుసలో నిలబడి, మళ్లీ ఎక్కవలసి వచ్చేది. వైద్యానికి కలకత్తా వచ్చే రోగులకు, వృద్ధులకు, చంటిబిడ్డల తల్లులకు అది ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. 2017 నవంబరులో తనిఖీలను బయలుదేరే, చేరే స్టేషన్లకే మార్చడంతో ఆ అవస్థ తప్పింది. ఆ రైలు 2024 జూలైలో నిలిచిపోయినా, అది నేర్పిన పాఠం మరువరానిది.

గల్ఫ్ వెళ్లివచ్చిన మన పల్లెల వారికి ఈ వరుసలు తెలిసినవే. అయితే విమానాశ్రయాన్ని ఆ పనికే కడతారు. రైల్వే స్టేషన్ నలువైపులా తెరిచి ఉంటుంది. రైలులో వందలాది మంది ఒక్కసారే వస్తారు. మనిషికి రెండు నిమిషాల చొప్పున 450 మందికి ఒక్క బల్ల వద్ద 15 గంటలు పడుతుంది. పది బల్లలుంటే గంటన్నరలో ముగుస్తుంది. పది బల్లలకూ, వాటి ముందు వరుసలకూ చోటుండాలి కదా! తనిఖీ అయినవారు కూర్చునేందుకు వేరే హాలు, వేరే ప్లాట్‌ఫారం అవసరం. తూర్పారబట్టిన ధాన్యంలో పట్టని ధాన్యం కలిస్తే పడిన శ్రమంతా వృథాయే.

సంపన్న దేశాలకూ ఈ చిక్కు తప్పలేదు. ఆమ్‌స్టర్‌డామ్ స్టేషన్‌లో పాత తనిఖీ హాలు మూసి, కొత్తది సిద్ధం కానందున 2024 జూన్‌లో లండన్‌కు నేరుగా వెళ్లే రైళ్లు ఆగాయి. ప్రయాణికులు బ్రస్సెల్స్‌లో దిగి తనిఖీ చేయించుకోవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో కొత్త హాలు తెరిచాకే నేరు రైళ్లు తిరిగి నడిచాయి. పట్టాలు అవే, రైళ్లూ అవే, కొరవడినది చోటు మాత్రమే.

ముందు ముందు ఇటువంటి రైళ్లు ఎక్కడ ప్రారంభించినా పచ్చజెండా ఊపే తేదీకన్నా ముందు తనిఖీ హాలు, కూర్చునే బల్లలు, మంచినీరు, మరుగుదొడ్ల సంగతి తేల్చాలి. దేశ భద్రతకూ, ప్రయాణికుల గౌరవానికీ అదే మార్గమని అధికారులు గుర్తించాలి.