రెండడుగుల్లో నలభై వేల ఎకరాలు!

ఏలూరులో బట్టల కొట్టుకెళితే జాకెట్టు గుడ్డను మీటర్లలో కొలిచిస్తారు. అదే ఊళ్ళో నేసే ఉన్ని తివాచీకి చదరపు అడుగుల లెక్క. పక్కనే ఉన్న కొల్లేటి నీళ్ళకేమో ఘనపుటడుగులు, టీఎంసీలు! పొడవుకి ఒక కొలత చాలు. వైశాల్యానికి రెండు, ఘనపరిమాణానికి మూడు కావాలి. బళ్ళో పిల్లలు చదివే లెక్కే. కానీ చేపల చెరువుల దగ్గర ఈ మూడూ కలగాపులగమైతే పోయేది మార్కులు కాదు... డబ్బులు!

గట్టు చూసి మోసపోవద్దు

రెండు చెరువులున్నాయనుకోండి. ఒకటి నాలుగు వైపులా 400 అడుగులు. రెండోది 600 అడుగుల పొడవు, 200 అడుగుల వెడల్పు. చుట్టూ నడిస్తే రెంటికీ గట్టు 1,600 అడుగులే. మరి కౌలూ సమానమేనా? మొదటిది 3 ఎకరాల 67 సెంట్లు. రెండోది 2 ఎకరాల 75 సెంట్లే. తేడా 92 సెంట్లు!

ఎకరమొక్కటే చాలదు

ఎకరం చెరువులో అడుగు లోతున నీళ్ళుంటే సుమారు 12.33 లక్షల లీటర్లు. లీటరుకి ఒక మిల్లీగ్రాము చొప్పున మందు కలపాలంటే నాలుగడుగుల నీటికి దాదాపు 5 కిలోలు, ఆరడుగుల నీటికి 7.4 కిలోలు పడుతుంది. ఆరడుగుల లెక్కన తెచ్చిన మందును ఎండాకాలంలో నీరు నాలుగడుగులకు తగ్గాక చల్లితే మోతాదు ఒకటిన్నర రెట్లయిపోతుంది. ఎకరం అదే, మారింది లోతు. ఆ తేడాను భరించాల్సింది చేపలు!

బావి కాదు... పళ్ళెం

కొల్లేటి వివాదంలోనూ ఉన్నది ఈ లెక్కే. 1999లో ప్లస్ 5 కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. ప్లస్ 5 అంటే నీటి లోతు కాదు, సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట ఆ గీత లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. గీతను ప్లస్ 3కి దించాలని 2008లో శాసనసభ తీర్మానించింది.

రెండడుగులేగా అనిపిస్తుంది. బావిలో రెండడుగులు తగ్గితే పోయేది నీళ్ళే, బావి వెడల్పు తగ్గదు. కొల్లేరు పళ్ళెం లాంటిది. ప్లస్ 3 దగ్గర దాని విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లే. అంటే ఆ రెండడుగుల మధ్య ఉన్నది 173 చదరపు కిలోమీటర్లు... 42 వేల ఎకరాలకు పైమాటే! లంక గ్రామాల రైతులకు అది జీవనాధారం. ఆటపాక గూడబాతులకు, వలస పక్షులకు మేత దొరికే చోటు.

మూడో కొలతా ఉంది. 308 చదరపు కిలోమీటర్ల మీద నీరు ఒక్క అడుగు లేచినా 3.3 టీఎంసీలు. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు ఆ నీరు ఇక్కడికి చేరుతుంది. సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. సరస్సులో చోటు తగ్గితే, అదే నీరు ఇంకా ఎత్తుకు లేస్తుంది.

అందుకే కొల్లేటి దగ్గర ఎవరైనా ‘ఒక అడుగేగా’ అంటే, ‘ఎంత మేర మీద?’ అని అడగాల్సిందే.