ఒంటిగది బడియు, ఇంటి చదువును

ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, అయిదేండ్ల వారు మొదలు పండ్రెండేండ్ల వారి వరకు ఒకే చాపపై కూర్చుండు పిల్లలు: ఇట్టి బడిని తలచి నేడు నవ్వువారు కలరు. కాని మన పెద్దలకు అక్షరములు వచ్చినది అట్టి వీధిబడులలోనే. అందు తరగతుల గోడలు లేవు. గుణింతము వచ్చిన పిల్లవాడు ఓనమాలు దిద్దువానికి చెప్పుచుండెను. ఇంటిలో అన్న తమ్మునికి చెప్పుటయు ఇట్టిదే. కావున వీధిబడికిని ఇంటి చదువునకును గల భేదము స్వల్పము.

ఈ చదువు విలువను పరులును గుర్తించిరి. చెన్నపట్టణమున అనాథ బాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్, దేశీయుల బడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి, దానిని తన పాఠశాలలో ప్రవేశపెట్టెను. పెద్ద పిల్లలచే చిన్నవారికి చెప్పించెను. ఆ అనుభవమును 1797లో లండనున గ్రంథముగ ప్రకటింపగా, అది ‘మద్రాసు పద్ధతి’ యని ఇంగ్లండున వ్యాపించెను. 1822లో గవర్నరు మన్రో జరిపించిన విచారణలో, చెన్నపట్టణమున ఇండ్లలో చదువుకొనువారు 26 వేలకు పైబడి, బడులలోని వారికి అయిదు రెట్లుగ నుండిరని లెక్క వచ్చెను. మన్రో ఆ అంకెను శంకించెను. అయినను ఇంటి చదువు గణనీయమని 1826లో ఒప్పుకొనెను.

ఇక మన సంగతి. 1936 ఏప్రిల్ 1న కొరాపుట్ ప్రాంతము మద్రాసు రాజధాని నుండి ఒడిశాలో చేరెను. 1992లో రాయగడ వేరు జిల్లా యయ్యెను. మన పిల్లలు ఒడియా చక్కగ నేర్చుట ఆవశ్యకము. అది వారికి అన్నము పెట్టు భాష. కాని ఇంటిలో తెలుగు మాటలాడుచు, తాతగారి ఉత్తరమును చదువలేని మనుమలు పెరుగుచున్నారు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. తరగతికి 10 మంది, లేక పాఠశాలకు 40 మంది యున్నచో ఉపాధ్యాయుని నియమింపవలెనను సూత్రము 1949 నాటిది. ఆ హక్కును అడుగుట మానరాదు. అయితే చెదరియున్న మన కుటుంబములలో ఒక్క తరగతికి పదిమంది దొరకుట కష్టము. అన్ని వయసుల వారిని కూర్చినచో ఒక్క వీధిలోనే పదిమంది దొరకుదురు.

ఒంటిగది బడికి లోపములు లేకపోలేదు. ఉపాధ్యాయుడు జబ్బుపడిన నాడు బడి మూతబడును. అందుకే 2009 విద్యాహక్కు చట్టము చిన్న ప్రాథమిక పాఠశాలకును ఇద్దరు ఉపాధ్యాయులను విధించినది. ఇంటి చదువునకును లోపము కలదు: “రేపు చూతము” అను మాటతో ఏడాది గడచిపోవును. కాని మనము కోరునది పగటి బడికి బదులు కాదు. సాయంకాలము ఒక గంట మాత్రమే. పది కుటుంబములు కలిసినచో వంతులవారీగ చెప్పువారుందురు. వాయిదా వేయుటకు వీలుండదు.

రాయగడ, గుణుపురము, జయపురము, కొరాపుట్‌లలోని మన కుటుంబములు వీధికొక అరుగును చూచుకొనవలెను. చదువు వచ్చిన అమ్మమ్మలు, విశ్రాంత ఉపాధ్యాయులు ముందుకు రావలెను. పలకలు, బలపములు, ఒక పెద్దబాలశిక్ష చాలును. ప్రభుత్వము ఉపాధ్యాయుని పంపువరకు ఓనమాలు ఆగవలసిన పని లేదు.