తూకం దగ్గర మొదటి గొంతు

తేమ పేరు చెప్పి ధాన్యానికి తరుగు తీస్తుంటే మనలో చాలామంది నోరు మెదపరు. రైతుల్లో ఐకమత్యం లేదని మనల్ని మనమే తిట్టుకుంటాం. అసలు సంగతి వేరు. "అందరూ ఒప్పుకున్నారు, నాకొక్కడికే ఎందుకు?" అని ప్రతివాడూ అనుకుంటాడు. పక్కవాడూ అదే అనుకుంటున్నాడని తెలియదు.

1951లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని పరీక్షించాడు. గీతల పొడవు పోల్చమంటే, ముందే కుదుర్చుకున్న మనుషులంతా కావాలని తప్పు చెప్పారు. సంగతి తెలియని మనిషి, నిజం కళ్లకు కనిపిస్తున్నా, మూడింట ఒకవంతు సార్లు వాళ్లతోనే గొంతు కలిపాడు. గుంపులో ఇంకొక్కడు నిజం చెబితే ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది.

2011 సార్వాలో కోనసీమ చూపించిందీ అదే. వరి గిట్టడం లేదని ఎవరింట్లో వాళ్లు గొణుక్కున్నంతకాలం ఎవరికీ వినపడలేదు. అందరూ కలిసి బయటికి చెప్పి, వేలాది ఎకరాలు ఊడ్చకుండా వదిలేశాకే ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. అయితే ఆ పంట విరామంలో కూలీలు పని పోగొట్టుకున్నారు. ప్రతిసారీ ఆ ఆయుధం పట్టలేం.

తూకం దగ్గర నోరు విప్పడానికి మాత్రం ఏ కూలీ కడుపూ మాడదు. తేమ 17 శాతం దాకా ఉండొచ్చన్నది నిబంధన. "మిషను రీడింగు చూపించండి, రసీదు మీద రాయండి" అని ఒకరు అడగాలి, మరొకరు వెంటనే పక్కన నిలబడాలి. కౌలురైతును ముందుకు నెట్టకండి, వచ్చే ఏడు చేను దక్కుతుందో లేదోనన్న భయం అతనికుంటుంది. సొంత భూమి ఉన్నవాళ్లమే ముందు మాట్లాడాలి.