ఫినాయిలు కన్నా ముందు చీపురు

పెరట్లో పది నాటుకోళ్లున్న ఇంట్లో రెండు మూడు రోజుల్లోనే గూడంతా ఖాళీ అయిపోవడం పల్లెల్లో చాలామంది చూసే ఉంటారు. కొక్కెర తెగులు సోకితే అంతే. ఆ తర్వాత గూట్లో నాలుగు చుక్కలు ఫినాయిలు చల్లి, పై వారం సంతలో మళ్లీ పిల్లల్ని కొనుక్కొస్తారు. అవీ పోతాయి. 'ఈ గూడు మాకు అచ్చిరాలేదు' అంటారు. అచ్చిరానిది గూడు కాదండీ, అందులో గడ్డకట్టిన రెట్ట!

బ్లీచింగ్ బలమంతా రెట్ట, పేడ మీదే ఖర్చయిపోతుంది. ఫినాయిలు కాస్త నయమే కానీ, అదీ గట్టిపడిన పొరలోకి దిగదు. కాబట్టి ముందు ఊక, మిగిలిన దాణా బయటికి తీసేయాలి. దుమ్ము రేగకుండా కాసిని నీళ్లు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, నేలా గోడలూ గోకాలి. సబ్బునీళ్లతో బ్రష్షు పెట్టి రుద్ది కడగాలి. ఆపైన పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద మందు పోస్తే పలచబడిపోతుంది మరి.

అప్పుడే మందు. పశువుల కొట్టంలో గాలికుంటు వచ్చి తగ్గాక అయితే బట్టల సోడా చాలు, పది లీటర్ల నీళ్లకు 400 గ్రాములు. వంటసోడా కాదు సుమా, అది పనిచేయదు. పూర్వం పండక్కి ఇంటికి సున్నం వేసి, మిగిలింది కొట్టానికీ కొట్టేవారు. ఆ ఘాటుకు క్రిములూ చచ్చేవి, సన్నటి పగుళ్లూ పూడేవి. ఇప్పుడు ఇళ్లకు రంగులొచ్చాయి, కొట్టం గోడను పట్టించుకునేవాళ్లు లేరు. ఆ పగుళ్లలోనే పిడుదులు కాపురం పెడతాయి.

కోడిపిల్లలకు వచ్చే రక్తపారుడు మాత్రం మొండిది. దాని గుడ్లు బ్లీచింగుకూ చావవు, ఫినాయిలుకూ చావవు. వాటికి భయం మరిగే వేడి, ఎండ. గూడు బాగా ఎండి, కనీసం రెండు వారాలు ఖాళీగా ఉండటం ఏ సీసా మందుకూ తీసిపోదు.

బలం పెరుగుతుందని బ్లీచింగులో మరుగుదొడ్డి యాసిడ్ కలపొద్దు. వచ్చే విషవాయువు కోళ్లకన్నా ముందు మీకే ముప్పు.

ఇంకో మాట. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఎంత కలవరం పుట్టించిందో గుర్తుందిగా? ఒక్కసారిగా కోళ్లు రాలిపోతుంటే చీపురు పట్టుకోకండి. చచ్చినవాటిని ముట్టుకోకుండా ముందు పశువైద్యుడికి కబురు చేయండి. ఆయన చూశాకే శుభ్రం చేసే పని.

గుమ్మం దగ్గర మందులో తడిపిన గోనెసంచి పరచడం మంచిదే. అయితే రెండోరోజుకే అది వట్టి బురద సంచి అవుతుంది, రోజూ మార్చాలి. గుడ్లు పెట్టే అట్టలను కడగలేం కదా, వాటిని కాల్చేయడమే.